రెండు వరసల బెజ్జాలు

బేకరీ ఆయన పెళ్ళాం నెత్తిన మరోసారి బొప్పి కట్టింది. ఆవిడ పడవ దిగి, రేవు బల్ల మీద కూర్చుని, చెప్పులు విప్పి దులుపుకుని, ఒక్కటే మాట చెప్పింది.

"నేను నిటారుగా నిలబడే చోటు లేని పడవలోకి ఇక రాను. మీరు వెళ్ళండి."

అరవలేదు, ఏడవలేదు. అరిచి ఉంటే ఆయనకి హాయిగా ఉండేది. అరిచే పెళ్ళాన్ని బతిమాలుకోవచ్చు, ఏడ్చే పెళ్ళాన్ని ఓదార్చుకోవచ్చు. నింపాదిగా చెప్పులు దులుపుకునే పెళ్ళాన్ని ఏం చెయ్యాలో ఏ మగాడికీ తెలీదు. ఆయన తాడు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

బొప్పి ఎందుకు కట్టిందో చెప్పాలి కదా. తెరచాప పడవలో నిలువుగా ఒక స్తంభం ఉంటుంది. తెరచాప అడుగంచుని ఒక పొడుగాటి అల్యూమినియం గొట్టానికి కడతారు. దాన్ని బూమ్ అంటారు. ఆ గొట్టం ఒక కొసని స్తంభానికి కీలు వేసి బిగిస్తారు. రెండో కొస, వెనక మనుషులు కూర్చునే చోటు మీదుగా అటూ ఇటూ తిరుగుతుంది. గాలి పక్క మారితే బూమ్ పక్క మారుతుంది. చెప్పి మారదు. ఆ వేళకి అక్కడ ఎవరి తల ఉంటే వాళ్ళకి తగులుతుంది, అంతే.

ఆ పడవని రేవులో అందరూ బన్ను అనేవాళ్ళు. బేకరీ ఆయనది కాబట్టి ఒకటి, గుండ్రంగా ఉబ్బి ఉంటుంది కాబట్టి ఒకటి. బన్ను కొన్న కొత్తలో బూమ్ బాగానే ఉండేది. ఏటా జరిగే పడవ పందెంలో మందుల షాపాయన వరసగా గెలుస్తుంటే మన బేకరీ ఆయనకి కడుపు మండి, కీలు కిందికి దించి పెద్ద తెరచాప కుట్టించాడు. బూమ్ ఎంత కిందికుంటే తెరచాప అంత పెద్దది, పడవ అంత జోరు. పందెం గెలిచాడు కూడా. ఆ కప్పు బేకరీలో కేకుల పెట్టె మీద పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచీ పడవలో అడుగు పెట్టినవాళ్ళంతా మెడ వంచుకుని తిరగడమే. ఎండకి పైన గుడ్డ పందిరి వేద్దామన్నా బూమ్ అడ్డం. కప్పు ఆయనది, బొప్పి ఆవిడది. ఇదెక్కడి న్యాయమో ఆయన్నే అడగాలి.

మామూలు రోజుల్లో అయితే ఆయన ఈ అలకని నాలుగు రోజులు నానబెట్టేవాడు. కానీ అప్పుడే బేకరీలో పొయ్యి పగుళ్ళిచ్చింది. ఇటుకలన్నీ తీసి మళ్ళీ కట్టాలన్నారు, నెల పడుతుందన్నారు. ఆవిడ బళ్ళో డ్రిల్లు టీచరు, ఆటల పోటీలు కాగానే ఆవిడకీ సెలవులు. పెళ్ళైన దగ్గర్నుంచీ ఇద్దరికీ కలిసి నెల రోజుల తీరిక దొరకడం అదే మొదలు. తెల్లవారకముందే లేచి పిండి పిసికే మనిషికీ, పొద్దు వాలేదాకా మైదానంలో ఈల ఊదే మనిషికీ మాట్లాడుకునే వేళే ఉండేది కాదు. ఆ నెలంతా బన్నులో లంకలన్నీ తిరిగి రావాలని ఆయన ఎప్పటి నుంచో కలలు కంటున్నాడు. ఆవిడ లేకుండా తిరగడానికి ఆయనకి మనసు లేదు. ఆ మాట మటుకు ఆవిడతో అనలేదు. అనాల్సిన మాటలు గొంతులో దాచుకోవడంలో ఆయన్ని మించినవాడు లేడు.

అనకుండా, మరదలి దగ్గరికి పోయాడు.

మరదలంటే పెళ్ళాం చెల్లెలు. తెరచాపలు కుట్టడం ఆవిడ పని. టైర్ల కొట్టు పైన పెద్ద హాలు, నేలంతా నున్నటి చెక్క. చెప్పులతో అడుగు పెడితే చంపేస్తుంది. తెరచాప నేల మీదే పరుచుకుని జరగాలి కాబట్టి కుట్టు మిషన్ని నేలలో గొయ్యి తీసి దించారు. ఆవిడ ఆ గోతిలో కూర్చుని కుడుతుంటే నేల మీద తలా భుజాలూ మాత్రమే కనపడతాయి. వచ్చినవాళ్ళ మొహం చూడాలంటే మెడ నొప్పి. అందుకని పాదాలు చూసే ఎవరో చెప్పేస్తుంది.

"రా బావా," అంది తల ఎత్తకుండానే. "అక్క ఫోన్ చేసింది. ఎన్నాళ్ళకి బుద్ధొచ్చింది?"

ఆయన మొహం మాడ్చుకున్నాడు. మరదలి నోటికి భయపడి పండగలకీ పబ్బాలకీ కూడా ఆమె పక్కన కూర్చోడు. పనిలో మాత్రం ఆమెని మించినవాళ్ళు లేరని ఆయనకీ తెలుసు. ఆమెకి ఇంకా బాగా తెలుసు, రోజుకోసారి చెప్పుకుంటుంది కూడా.

చెయ్యాల్సింది ఏమిటో ఆమె రెండు ముక్కల్లో చెప్పింది. పందిరికీ చోటు కావాలి కాబట్టి స్తంభానికి పాత బెజ్జాలకంటే పైన కొత్తవి కొట్టి కీలు ఎత్తాలి. ఎంత ఎత్తితే తెరచాప అడుగు అంత కోసెయ్యాలి. అప్పుడు బూమ్ కింద ఇనప కడ్డీలు వంచి గుడ్డ పందిరి వెయ్యచ్చు, ఎండా తగలదు, నెత్తీ పగలదు. ఆయన బేరం మొదలుపెట్టాడు. నాలుగు వేళ్ళు కోస్తే చాలదా అన్నాడు. పోనీ ఆరు అన్నాడు. మందుల షాపాయన ఈసారి కొత్త పడవ కొన్నాడు, తెరచాపంతా చొక్కా గుడ్డలా కత్తిరించేస్తే తన గతేం కావాలన్నాడు. మరదలు సూది దించి ఆయన్ని చూసింది.

"గుడ్డ నీది బావా. నెత్తి మా అక్కది. దేన్ని దాచుకుంటావో చెప్పు."

సరే, రేపొచ్చి కొలుచుకో అన్నాడు.

మర్నాడు మరదలు సుద్దముక్కా, కొలత టేపూ పట్టుకుని రేవుకొచ్చింది. కొలత తీసే పద్ధతి తేలికే. వెనక కూర్చునే చోట మనిషి నిటారుగా నిలబడాలి. బూమ్‌ని స్తంభం చివర్నుంచి వచ్చే తాడుతో పైకి లాగాలి. నెత్తి మీద బెత్తెడు ఖాళీ వచ్చేదాకా లాగి, అక్కడ స్తంభం మీద గీత గియ్యాలి. కుటుంబంలో అందరికంటే పొడుగు మనిషిని నిలబెట్టి కొలవడం రివాజు.

"అక్కని పిలువు," అంది మరదలు.

ఆవిడ ఒట్టు పెట్టుకుందనీ, నిటారుగా నిలబడే దాకా పడవ ఎక్కనందనీ, పైగా బళ్ళో ఆటల పోటీల హడావిడిలో ఉందనీ ఆయన చెప్పాడు. నిలబడటానికి తను లేడా అన్నాడు. తనూ, తన పెళ్ళామూ ఒకటే ఎత్తు కదా అన్నాడు.

మరదలు సుద్దముక్క జేబులో వేసుకుంది. "ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పేదేమిటి? పెళ్ళైన దగ్గర్నుంచీ పక్కన నిలబడుతున్నాను, నాకు తెలీదా?"

మరదలు ఏదో అనబోయి, ఫోన్ తీసి అక్కకి చేసింది. స్పీకరు పెట్టింది. నీ బదులు మీ ఆయన తననే కొలవమంటున్నాడు, ఏం చెయ్యమంటావని అడిగింది. అటువైపు బళ్ళో పిల్లల గోల వినపడింది. ఆవిడ ఎవరినో వరసలో నిలబడమని కేకేసింది. తర్వాత, "మీ బావ చెప్పినట్టే కానివ్వు," అంది.

"చూశావా," అన్నాడు ఆయన. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనేవాడికి, పెళ్ళాం కూడా మూడే అంటే ఇంక పట్టపగ్గాలుంటాయా? బొడ్డు లోపలికి పీల్చి, రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు. మరదలు బూమ్ లాగింది, బెత్తెడు చూసింది, గీత గీసింది. ఆమె అంత తక్కువ మాట్లాడటం ఆయన ఎప్పుడూ చూడలేదు. పనిలో పడిందేమో అనుకున్నాడు.

బెజ్జాలు ఆయనే కొట్టాడు. స్తంభానికి బెజ్జం పడిందంటే పడినట్టే, పూడ్చినా మచ్చ పోదు. అందుకని డ్రిల్లింగ్ మిషన్ పెట్టే ముందు గీతని పదిసార్లు చూసుకున్నాడు. కీలు పైకెక్కింది, బోల్టులు బిగించాడు. పనితనం బాగానే ఉంది, కాదనను. తెరచాప కోసే రోజున మటుకు హాలు కిటికీలోంచి రోడ్డు మీద పోయే బళ్ళని చూస్తూ నిలబడ్డాడు. కత్తెర చప్పుడు వినపడ్డప్పుడల్లా ఉలిక్కిపడ్డాడు. కోసిన ముక్కని మడిచి చంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. ఎందుకని అడిగితే, దేనికైనా పనికొస్తుందన్నాడు.

అంత త్యాగం చేశానన్న తృప్తి ఆయనకి రెండు రోజులు నిలిచింది.

పొయ్యి ఆర్పేసే ముందు చివరి వాయి బన్నులు కాల్చారు. అవి బడి పిల్లల ఆటల పోటీలకి ఇస్తానని ముందే ఒప్పుకున్నాడు. ఎప్పుడూ పనివాడితో పంపేవాడు. ఆ రోజు పనివాడు ఇటుకలు మోయిస్తున్నాడు. అందుకని తనే ట్రేలు రిక్షాలో వేసుకుని బడి గేటు దాటాడు. పెళ్ళాం పని చేసే మైదానంలోకి ఆయన అడుగు పెట్టడం అదే మొదలు. సిగ్గుచేటే, కానీ ఉన్న మాట.

మైదానం అవతలి కొసన పిల్లలు వరసలుగా నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందు హెడ్మాస్టరు, ఆయన పక్కన ఒక పొడుగాటి ఆవిడ ఇటు వీపు పెట్టి నిలబడి ఉంది. వీపు గోడలా తిన్నగా ఉంది. మెడ ఎత్తి ఉంది. హెడ్మాస్టరు ఏదో చెప్పాలంటే తల పైకెత్తి చెబుతున్నాడు. ఎవరబ్బా ఈ మనిషి, కొత్త టీచరా, ఎంత ఠీవిగా ఉంది అనుకున్నాడు బేకరీ ఆయన. నిజంగా అలాగే అనుకున్నాడు. ఆ తర్వాత ఆవిడ ఈల ఊది ఇటు తిరిగింది.

తన పెళ్ళామే.

ఆవిడ ఆయన్ని చూసి, చెయ్యూపి, నడిచి రావడం మొదలుపెట్టింది. ట్రే పట్టుకుని నిలబడ్డ ఆయన కళ్ళముందే ఆవిడ తగ్గుతూ వచ్చింది. సగం దూరంలో భుజాలు ముందుకి వాలాయి. ఇంకాస్త దగ్గరికొచ్చేసరికి వీపు గుండ్రమైంది, మెడ దిగింది. ఎదురుగా వచ్చి ఒక మోకాలు వదులుగా పెట్టి నిలబడేసరికి, ఇద్దరూ ఒకటే ఎత్తు. ఆవిడకి ఆ సంగతి తెలిసినట్టే లేదు. బన్నులు వేడిగానే ఉన్నాయా అని అడిగింది.

ఉన్నాయన్నాడు. ట్రేలు దించి వచ్చేశాడు. దారంతా రిక్షావాడు ఏదో చెబుతూనే ఉన్నాడు, ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. తల తీసేసినట్టుంది ఆయనకి.

ఇంటికొచ్చి హాల్లో గోడ మీద ఫొటోలు చూశాడు. రోజూ ఉన్న ఫొటోలే. పెళ్ళి ఫొటోలో ఆవిడ కుర్చీలో కూర్చుని ఉంది, తను పక్కన నిలబడి ఉన్నాడు. బేకరీ తెరిచిన నాటి ఫొటోలో తను గుమ్మం మెట్టు మీద ఉన్నాడు, ఆవిడ కింద ఉంది. పందెం కప్పు ఫొటోలో ఆవిడ కప్పు వైపు వంగి చూస్తోంది. ఒక్కదాంట్లో కూడా ఇద్దరూ పక్కపక్కన, తిన్నగా, ఒకే నేల మీద లేరు. వంటింట్లోకి వెళ్ళి ఆవిడ వాడే అలమరలో పై అర చూశాడు. అక్కడ డబ్బాలున్నాయి. చెయ్యి చాపితే ఆయనకి అందలేదు. ఆవిడ ఏ స్టూలూ లేకుండా అవి తియ్యడం పెళ్ళైన నాటి నుంచీ చూస్తూనే ఉన్నాడు. చూడటానికీ కళ్ళు కనపడటానికీ చాలా తేడా ఉంది నాయనా.

సాయంత్రం ఆవిడ వచ్చి, బ్యాగు పెట్టి, కాళ్ళు కడుక్కునే దాకా ఆగాడు. వంటింటి గుమ్మం దగ్గరికి పిలిచి, ద్వారబంధానికి ఆనుకుని నిలబడమన్నాడు. ఇప్పుడెందుకంది. నిలబడమన్నాడు మళ్ళీ. నిలబడింది, ఎప్పటిలాగే.

"అలా కాదు," అన్నాడు. "బళ్ళో నిలబడ్డట్టు."

ఆవిడ ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. ఆ చూపులో భయముంది. కప్పు పగలగొట్టి దొరికిపోయిన పిల్ల మొహంలో ఉంటుందే, అలాంటి భయం. తర్వాత ఆవిడ వీపు తిన్నగా పెట్టింది. భుజాలు వెనక్కి వెళ్ళాయి. మెడ పైకి లేచింది. ఆయన తల ఎత్తి చూడాల్సి వచ్చింది. బెత్తెడు పొడుగు, తక్కువ కాదు.

ఎప్పటి నుంచని అడిగాడు.

ఆవిడ చెప్పింది. పెళ్ళి రోజున ఆయన మేనత్త అందరి ముందూ, ఒరేయ్ నీ పెళ్ళాంతో మాట్లాడాలంటే స్టూలు కొనుక్కోవాలి రా అంది. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. కానీ ఆ పూట అన్నం ముట్టలేదు. అది ఆవిడ ఒక్కతే చూసింది. మొదట్లో కావాలనే వంగేది, తర్వాత అలవాటైపోయింది. బళ్ళో మాత్రం వంగితే కుదరదు, పిల్లలు ఆవిడని చూసే నిలబడతారు.

"మరి పడవలో నిటారుగా నిలబడాలన్నావు కదా," అన్నాడు. "మీ చెల్లెలు ఫోన్ చేసినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"మీరు పక్కనే ఉన్నారు కదా."

ఆయన కూలబడ్డాడు, అక్కడే గడప మీద. సిగ్గేసింది, కోపమొచ్చింది, చచ్చిపోయిన మేనత్త మీద ఒకసారి, బతికున్న తన మీద పదిసార్లు. ఒక పూట తను మానేసిన అన్నానికి ఈ మనిషి ఇన్నేళ్ళు మెడ వంచిందా అనుకుంటే ఏడుపొచ్చింది. ఏడ్చాడు కూడా. ఆవిడ పక్కన కూర్చుంది. కూర్చుంటే ఇద్దరూ నిజంగానే ఒకటే ఎత్తు, అందుకే అందరూ మోసపోయారు. పొడుగంతా ఆవిడ కాళ్ళలో ఉంది.

లేచి, పెన్సిలు తెచ్చి, ఆవిడని మళ్ళీ నిలబెట్టి ద్వారబంధం మీద గీత గీశాడు. దారం పట్టి కింద నుంచి గీత దాకా కొలిచి ముడి వేశాడు.

పొద్దున్నే ఆ దారం తీసుకుని మరదలి హాలుకి వెళ్ళాడు. చెప్పులు విప్పడం మర్చిపోయాడు. చెప్పుల విషయంలో అంత పట్టింపున్న మనిషి కూడా ఆ రోజు వాటి ఊసెత్తలేదు. దారం ముడి చూసింది, చూసి గోతిలోంచి పైకొచ్చింది.

"ఇంకో బెత్తెడు కొయ్యాలి," అన్నాడు.

"ఇంత కోస్తే మందుల షాపాయన నిన్ను వెనక్కి తిరిగి కూడా చూడడు బావా."

"కొయ్యి."

ఈసారి కిటికీ దగ్గరికి పోలేదు. ఎదురుగా నేల మీద కూర్చుని గుడ్డ బిగువుగా పట్టుకున్నాడు, ఆమె కోసింది. పందిరి కడ్డీలు కూడా మళ్ళీ వంచాలి కదా, ఆలస్యమవుతుందేమోనని ఆయన బెంగపడ్డాడు. అక్కర్లేదంది మరదలు. కడ్డీలు మొదటే అక్క ఎత్తుకి వంచి మూల పెట్టానంది. ముందే చెప్పచ్చు కదా అని ఆయన అంటే, చెప్పొద్దని అక్క ఒట్టు వేయించుకుందనీ, కడ్డీల మీద మాత్రం ఒట్టేమీ లేదనీ చెప్పింది. ఆయనకి మొట్టమొదటిసారి మరదలి మీద గౌరవంతో పాటు ప్రేమ కూడా కలిగింది. ఆ మాట ఆమెతో అంటే నెత్తికెక్కుతుందని అనలేదు.

స్తంభానికి కొత్త బెజ్జాలు రెండో వరస పడ్డాయి. మొదటి వరసని మైనం లాంటి ముద్దతో పూడ్చాడు, అయినా మచ్చలు దూరం నుంచే కనపడుతున్నాయి.

బయల్దేరే రోజున రేవు నిండా జనం. పందెం పడవలు సర్దుకునేవాళ్ళు, ఊరికే చూడటానికి వచ్చినవాళ్ళు. ఆవిడ సంచీ పట్టుకుని పడవలోకి దిగింది. దిగుతూనే అలవాటు కొద్దీ మెడ వంచింది. వంచి, గుర్తొచ్చి, మెల్లగా లేచింది. పైన తెల్లటి పందిరి, దాని పైన బూమ్. ఆయన తాడు వదిలి బూమ్‌ని ఈ పక్క నుంచి ఆ పక్కకి తోశాడు. అది ఆవిడ నెత్తి మీద నుంచి, పందిరి మీద నుంచి ఊరికే వెళ్ళిపోయింది.

అప్పుడే పక్కన తాడు చుట్టుకుంటున్న మందుల షాపాయన కన్ను స్తంభం మీద పడింది. ఆయన కన్ను ఎప్పుడూ పడకూడని చోటే పడుతుంది.

"ఏమయ్యా, స్తంభానికి కొత్తగా రెండు వరసల బెజ్జాలున్నాయి?" అన్నాడు నలుగురికీ వినపడేలా. "కొలత తప్పావా ఏమిటి?"

రేవంతా ఇటు తిరిగింది. ఆవిడ గబుక్కున, అది మా చెల్లెలి పొరపాటండీ అనబోయింది. అంటూనే భుజాలు ముందుకి వాలబోయాయి. బేకరీ ఆయన ఆవిడ వీపు మీద అరచెయ్యి ఆనించాడు. నెట్టలేదు, ఊరికే ఆనించాడు.

"తప్పాను," అన్నాడు. "కింది వరస నా ఎత్తు. పై వరస మా ఆవిడ ఎత్తు. నాకంటే బెత్తెడు పొడుగు."

ఎవరూ నవ్వలేదు. ఒకరిద్దరు నవ్వినా ఆయనకి వినపడలేదు. ఆవిడ నిటారుగా నిలబడి, చెయ్యి చాపి, తన తలకంటే ఎత్తున ఉన్న ముడి విప్పింది. తెరచాప లేచింది, కురచగా. బన్ను మెల్లగా కదిలింది.